కూర్చున్న ఆసుపత్రి

మా చామలంక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అందులో జారిపడ్డ మనిషి ఒక్కరే. ఆయన రోగి కాదు. రోగులు పడకుండా ఎలా చూసుకోవాలో మాకు చెప్పడానికి వచ్చిన ప్రాంతీయ నాణ్యతాధికారి.

ఆయన పేరు వామనమూర్తి గారు. మనిషి ఆరడుగులు. ఆయన తనిఖీకి వస్తున్నారని కబురు అందగానే మా అటెండరు పోలమ్మ వరండా కడిగింది. సరిగ్గా కడిగావా అని డాక్టరమ్మ అడిగేసరికి రోషమొచ్చి మళ్లీ కడిగింది. ఆ రోషం చల్లారక ఫినాయిల్ డబ్బా మొత్తం వంచి ఇంకోసారి కడిగింది. వామనమూర్తి గారు కారు దిగి, గోడ మీద రాసి ఉన్నట్టే బూట్లు బయట విడిచి, నైలాన్ మేజోళ్లతో వరండా ఎక్కారు. "శుభ్రత అంటే ఇదీ!" అని చెయ్యెత్తి మెచ్చుకున్నారు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది, మనిషి మాత్రం కింద ఉన్నారు.

మేమందరం పరిగెత్తాం. ఆయన వెల్లకిలా పడుకునే మమ్మల్ని ఆగమన్నారు.

"ఎవరూ కంగారు పడనక్కర్లేదు. నేను పడలేదు. ఈ కేంద్రంలో పతనానికి గల అవకాశాన్ని నిరూపించాను."

పోలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నిరూపించడానికి అంత గట్టిగా నిరూపించాలాండీ, నడుం విరిగిపోద్ది కదండీ," అంది పాపం, నిజంగా జాలిపడే.

నా పేరు గంగాధరం. ఇక్కడ ఫార్మసిస్టుని. ఊళ్లో అందరూ కాంపౌండరు గారంటారు. ఆ మాటంటే నాకు ఒళ్లు మంట, అయినా దిద్ది దిద్ది విసిగి ఊరుకున్నాను. అలాంటి నాకు వారం తిరక్కుండా ఒక పదవి వచ్చింది. వచ్చిన సర్క్యులర్ ఇలా మొదలైంది: "విషయం: ఆరోగ్య కేంద్రములయందు పతన నివారణ – శూన్య పతన లక్ష్య సాధన – ఆదేశములు జారీ చేయుట – గురించి." దాని అడుగున, పతన నివారణ నోడల్ అధికారిగా నా పేరు. ఆ కాగితం మా ఆవిడకి చూపించాను. "మీరు ముందు ఆ మెట్లు చూసి దిగండి," అంది.

సర్క్యులర్ సారాంశం తేలిక. నిలబడ్డవాడే పడతాడు. కాబట్టి ఎవరూ నిలబడకూడదు.

మొదట్లో ఇది బాగానే ఉంది. ఓపీ వరస రద్దయింది. వచ్చినవాళ్లందరికీ కుర్చీలు వేశాం. ప్రభుత్వ ఆసుపత్రిలో కూర్చోబెట్టి మర్యాద చేస్తున్నారని పక్క ఊళ్లవాళ్లు కూడా జ్వరం లేకపోయినా రావడం మొదలుపెట్టారు. వామనమూర్తి గారు సమీక్షకి వచ్చి, నడుం కింద గాలి దిండు పెట్టుకుని కూర్చుని, సంతోషంగా చుట్టూ చూశారు. సరిగ్గా అప్పుడే మూలన కుర్చీలో కునుకుతున్న ఓ పెద్దాయన పక్కకి ఒరిగాడు. ఒరిగి, ఉలిక్కిపడి, సర్దుకున్నాడు.

వామనమూర్తి గారు పెన్ను తీశారు. "సమీప పతనం," అన్నారు, దొంగని పట్టుకున్నంత ఉత్సాహంగా. "డాక్టర్ గారూ, కుర్చీకి ఎత్తు ఉంది. ఎత్తు ఉన్నచోట పతనం పొంచి ఉంటుంది."

మా డాక్టరమ్మ ప్రసూన గారు చిన్నవయసు మనిషి. ఓర్పు మాత్రం మెండు. "సార్, మనిషన్నాక నడవాలి కదా. ఆపరేషన్ చేసినవాళ్లని కూడా మర్నాడే లేపి నడిపించమని చదువుకున్నాం," అంది.

"నడక అంటే ఏమిటి డాక్టర్ గారూ? ముందుకి పడబోయి, ఆఖరి క్షణంలో కాలు అడ్డం పెట్టుకోవడం. ప్రతి అడుగూ ఒక సమీప పతనమే. ఆ లెక్కన మీ కేంద్రంలో రోజుకి ఎన్ని వేల సమీప పతనాలు నమోదు కాకుండా పోతున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా?"

ఆమె ఎప్పుడూ ఆలోచించలేదట. నేనూ ఆలోచించలేదు. ఆ రాత్రి పడక గది నుంచి వంటింట్లోకి మంచినీళ్లకి వెళ్లడానికి నాకు భయమేసింది.

కుర్చీలు పోయాయి. బల్లలు పోయాయి. మంచాలు పోయి పరుపులు నేల మీదకి వచ్చాయి. డాక్టరమ్మ మేజా కాళ్లు వడ్రంగి కోసేశాడు. పెళ్లిపందిట్లో పరిచే తివాచీలు తెచ్చి హాలంతా పరిచాం. కళ్ల పరీక్ష అక్షరాల అట్టని గోడ అడుక్కి దింపాం. బరువు చూడటానికి బియ్యం కొట్టు కాటా తెప్పించి, దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చోమన్నాం. ఎత్తు కొలవడానికి మనిషిని పడుకోబెట్టి టేపు పట్టాం. పడుకుంటే అందరూ కొంచెం సాగుతారు కాబట్టి చామలంక ప్రజల సగటు ఎత్తు పెరిగింది. వామనమూర్తి గారు దాన్ని పోషకాహార పథకం విజయంగా పై వాళ్లకి రాశారు.

నా ఫార్మసీ కిటికీ మనిషి ఛాతీ ఎత్తున ఉంటుంది. కింద కూర్చున్నవాళ్లకి అందదు కదా. అందుకని గోడ అడుగున పిల్లి దూరేంత కన్నం కొట్టించాను. నేను ఇటు బోర్లా పడుకుని మాత్రలు తోస్తే, వాళ్లు అటు బోర్లా పడుకుని తీసుకునేవారు. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి," అని చెబుతుంటే అవతలి వైపు నుంచి ఒక కన్ను మాత్రమే కనిపించేది. ఇన్నేళ్లలో రోగులు నేను చెప్పింది అంత శ్రద్ధగా వినడం అదే మొదలు.

ఇక ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లడం. దీనికి వామనమూర్తి గారు స్వయంగా శిక్షణ ఇచ్చారు. మామూలు రోగులు దేకాలి. సిబ్బంది దోగాడాలి. అత్యవసర కేసులకి పాకాలి. రాత్రి కాన్పు కేసు వస్తే డాక్టరమ్మ, నర్సమ్మ పోటీపడి పాకుతూ వెళ్లేవారు. డాక్టరమ్మ చీరలు మానేసి చుడీదార్లకి మారిపోయింది. మోకాళ్ల దగ్గర నా ప్యాంట్లన్నీ చిరిగిపోయాయి. పోలమ్మ ఒక్కతే ఏ ఇబ్బందీ లేకుండా తడిగుడ్డతో నేల తుడుచుకుంటూ ఎప్పటిలాగే తిరిగేది. ఇది నేను ముందే చెప్పాల్సింది, తుడిచే ముందు తడి మొత్తం పిండేయమని ఒక్క మాట రాసుంటే ఈ కథంతా అక్కడితో అయిపోయేది. ఆ మాట మాత్రం ఏ సర్క్యులర్‌లోనూ లేదు.

ఇంతలో ఒక నేరం జరిగింది.

టీకాల రోజు. హాలు నిండా పిల్లలు. దోగాడటంలో వాళ్ల ముందు మేమెవరం? వాళ్లు మాకు గురువులు. అందులో నాగరత్నమ్మ గారి మనవరాలు, ఇంకా ఏడాది నిండలేదు, టీకా పెట్టె అంచు పట్టుకుని లేచింది. లేచి చెయ్యి వదిలేసింది. చుట్టూ కూర్చున్న మా అందర్నీ పైనుంచి ఓ చూపు చూసి, తప్పటడుగులు వేసుకుంటూ పోలమ్మ ఒళ్లోకి వెళ్లి వాలింది.

హాలంతా చప్పట్లు. నాగరత్నమ్మ గారు కళ్లు ఒత్తుకున్నారు. నేను నోడల్ అధికారిని కాబట్టి, "కూర్చోబెట్టండి! ముందు దాన్ని కూర్చోబెట్టండి!" అని అరిచాను. నన్ను ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు నాగరత్నమ్మ గారు స్టీలు డబ్బాతో వచ్చారు. మా వైపు పిల్లలు మొదటి అడుగులు వేస్తే అరిసెలు పంచుతారు. బెల్లం పాకం పట్టి, నేతిలో వేయించి, ఇరుగుపొరుగు అందరికీ. "అడుగులకి అరిసెలండీ," అంటూ ఆవిడ దేకుతూ దేకుతూ అందరి చేతుల్లోనూ పెట్టారు. నేను రెండు తిని, చేతులు తుడుచుకుని, 'నిలువు సంఘటన' అని నివేదిక రాసి పంపాను.

ఆ పిల్లకి షోకాజ్ నోటీసు వచ్చింది. "ఏ పరిస్థితులలో మీరు నిలబడవలసి వచ్చినదో మూడు దినములలో లిఖితపూర్వకముగా తెలియజేయవలెను." సంజాయిషీ నేనే రాశాను: ఇకపై పెద్దయ్యేవరకు ఇలాంటిది జరగదని. అడుగున సంతకానికి బదులు కుడి పాదం ముద్ర వేయించాం.

అలా అంతా సజావుగా సాగుతుండగా వజ్రకుమారి వచ్చింది.

వజ్రకుమారి ఆర్టీసీ కండక్టరు. మా ఊరి మీదుగా వెళ్లే పల్లెవెలుగు బస్సులో పదిహేనేళ్లుగా నిలబడి ఉన్న మనిషి. గోతుల రోడ్డు మీద బస్సు అటూ ఇటూ ఊగిపోతుంటే, రెండు చేతులతోనూ టిక్కెట్లు కొడుతూ, దేన్నీ పట్టుకోకుండా ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లిపోతుంది. బస్సులో ఎప్పుడూ పడలేదు. ఇంట్లో భోజనాల పీట తట్టుకుని పడి చీలమండ విరగ్గొట్టుకుంది. కుర్చీలు పోకముందే మా దగ్గర కట్టు కట్టించుకుని, విప్పించుకుని, ఇన్నాళ్లూ ఇంట్లోనే ఉండి, ఇప్పుడు గుమ్మంలోకి టకటకా నడుచుకుంటూ వచ్చేసింది.

"ఏంటండీ కాంపౌండరు గారూ, ఊరంతా కింద కూర్చున్నారు? భోజనాలేమన్నానా?"

"కూర్చోండి!" అన్నాను నేను కన్నంలోంచి.

"ఎక్కడున్నారండీ బాబూ, గొంతు వినిపిస్తంది, మనిషి కనపడట్లేదు!"

మొత్తానికి కూర్చోబెట్టాం. డాక్టరమ్మ దగ్గరికి దేకుతూ వెళ్లి విషయం చెప్పింది. ఆమె నిలబడి నడవగలదని, సెలవు మీద పంపిన ఆసుపత్రే సర్టిఫికెట్ ఇవ్వాలట. నెలాఖరులోగా ఇవ్వకపోతే అన్‌ఫిట్ అని రాసేస్తారట.

"అన్‌ఫిట్ అంటే ఇంటికి పంపరండి. డిపోలో పోయిన సామాన్ల గది ఉంటది. జనం మర్చిపోయిన గొడుగులూ, క్యారేజీలూ అక్కడ పెడతారు. ఆ గదిలో స్టూలేసి కూర్చోబెడతారంట, రిటైరయ్యేదాకా. నేనుండలేనండి డాక్టరమ్మ గారూ. బస్సంతా ఖాళీగా ఉన్నా నేను సీట్లో కూర్చోను. మా సూరిబాబు, మా డ్రైవరండి, నేను లేక పాపం టిక్కెట్లు కూడా తనే కొట్టుకుంటన్నాడు. స్టాపుకి పావుగంట ఆగాల్సొస్తంది. జనం తిడతన్నారు. నా బస్సండి అది."

డాక్టరమ్మ చీలమండ నొక్కి చూసింది, తిప్పి చూసింది, ఎక్స్‌రే దీపానికి అడ్డం పెట్టి చూసింది. "ఎముక బ్రహ్మాండంగా అతుక్కుంది. ఒక్కసారి లేచి నడిచి చూపిస్తే రాసేస్తాను," అంది. అని, నా కన్నం వైపు చూసింది.

నేను పాపిష్టివాణ్ణేం కాదు. కానీ నోడల్ అధికారిని. "లేవడానికి వీల్లేదమ్మా," అన్నాను.

"పోనీ గేటు అవతల నేరేడు చెట్టు కింద నడిపిద్దాం," అంది డాక్టరమ్మ. అది బాగానే తోచింది. ఎందుకైనా మంచిదని వామనమూర్తి గారికి ఫోన్ చేశాను. చేయకుండా ఉండాల్సింది.

"గంగాధరం గారూ, ఆవరణ అంటే గోడలూ గేటూ అనుకుంటున్నారా? ఆవరణ ఒక భావన! వైద్యాధికారి, ఆమె సంతకం, కేంద్రం ముద్ర, ఈ మూడూ ఎక్కడ కలిస్తే అదే ఆరోగ్య కేంద్రం. అవి చెట్టు కింద కలిస్తే చెట్టు కిందా మన ఆదేశాలే వర్తిస్తాయి."

ఆ రోజు నుంచి డాక్టరమ్మ కేంద్రం ముద్రని కోటు జేబులోనే పెట్టుకు తిరగసాగింది. దాన్ని ఎవరైనా తీసుకెళ్తే ఆసుపత్రి కూడా వాళ్లతో వెళ్లిపోతుందేమోనని ఆమె భయం.

అయినా ఆమె ఊరుకోలేదు. వజ్రకుమారిని వెల్లకిలా పడుకోబెట్టి, పాదాలు గోడకి ఆనించి, గోడ మీద నడవమంది. ఆమె నడిచింది. పోలమ్మ భుజాలు పట్టుకుని తివాచీ మీద లాగుతుంటే గోడ ఈ మూల నుంచి ఆ మూలకి చకచకా నడిచింది. తెల్లగా సున్నం వేసిన గోడ మీద ఆ పాదాల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. చూసినదే సర్టిఫికెట్‌లో రాసి పంపాం. డిపో మేనేజరు మర్నాడే తిప్పి పంపేశాడు. 'మా బస్సులలో గోడల మీద నడుచు సౌకర్యము లేదు' అని పైన ఎర్ర సిరాతో రాశాడు.

వజ్రకుమారి ఆ కాగితం మడిచి జాకెట్‌లో పెట్టుకుంది. ఆ తర్వాత రోజూ వచ్చి హాల్లో ఓ మూల కూర్చునేది. బస్సు వచ్చి మా గేటు ముందు ఆగి, సూరిబాబు టిక్కెట్లు కొట్టుకుంటున్నంతసేపూ కిటికీలోంచి అటే చూసేది. అతను హారన్ కొట్టి, ఏమైందన్నట్టు చెయ్యి తిప్పేవాడు. ఈమె తల అడ్డంగా ఊపేది. ఒకరోజు బస్సు కదిలాక, ఆమె పెదాలు తమంతట తామే 'రైట్ రైట్' అనడం చూశాను. నాకు చాలా కష్టమనిపించింది. నోడల్ అధికారికి కష్టమనిపిస్తే ఏ కాలమ్‌లో రాయాలో తెలియలేదు.

శూన్య పతన స్వర్ణ ఫలకం మాకే వచ్చింది. ప్రదానం నెలాఖరు రోజున పెట్టారు. వజ్రకుమారి గడువూ ఆ రోజే.

హాలు క్రిక్కిరిసిపోయింది. సర్పంచి గారు, మాస్టార్లు, నాగరత్నమ్మ గారూ మనవరాలూ, అందరూ తివాచీల మీద. వేదిక అని ఇంకో తివాచీ, దాని మీద గాలి దిండు, దాని మీద వామనమూర్తి గారు. ఫలకాన్ని ముందే గోడకి మోకాలి ఎత్తున తగిలించాం. వజ్రకుమారి ఖాకీ యూనిఫాం వేసుకుని వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. ఎందుకు వేసుకొచ్చావని అడిగితే, "ఆఖర్రోజు కదండీ," అంది.

"సోదర సోదరీమణులారా," వామనమూర్తి గారు అందుకున్నారు. "మానవుడు లేచి నిలబడిన నాడే అతని పతనం మొదలైంది. నేడు చామలంక, మానవజాతిని మళ్లీ భద్రతవైపు, అనగా కిందికి, తీసుకు వచ్చింది. నేలకి మించిన వైద్యుడు లేడు. నేలని నమ్మినవాడు చెడిపోలేదు. నేల మీద మనకి ఏ ప్రమాదమూ..."

మా ఆసుపత్రి వెనక పంట కాలవ ఉంది. ఆ వారమే నీళ్లు వదిలారు. నా మందుల కన్నంలోంచి, ఏ మాత్రం తొందర లేకుండా, ఒక పాము హాల్లోకి వచ్చింది. ఆ హాల్లో సర్క్యులర్‌ని అక్షరాలా పాటిస్తున్నది అదొక్కటే. చక్కగా పాకుతూ, ఎక్కడా తల ఎత్తకుండా, నేరుగా వేదిక వైపు వెళ్లింది.

ఆ తర్వాత జరిగింది నివేదికలో రాయలేకపోయాను. ఎవరూ లేచినట్టు నాకు కనిపించలేదు, అందరూ అప్పటికే లేచి ఉన్నారు. నెలల తరబడి దేకిన ముసలాళ్లు కూడా కిటికీలు దూకారు. మోకాళ్ల నొప్పులకి నా దగ్గర వాడుకగా మాత్రలు తీసుకునే సర్పంచి గారు గోడ దూకారు. వామనమూర్తి గారైతే మూడే మూడు అంగలు వేశారు. ఒకటి వేదిక మీంచి గుమ్మానికి, రెండోది గుమ్మం నుంచి గేటుకి, మూడోది గేటు ముందు ఆగి ఉన్న పల్లెవెలుగు బస్సు ఫుట్‌బోర్డు మీదకి. ఆయన వెనక మేమందరం. వెనకాల హాల్లోంచి పోలమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. "ఏటండీ ఆ పరుగులు! నీరుకట్టెండి బాబూ, విషముండదండి!" ఆమె చీపురుతో దాన్ని కాలవ వైపు తోలుకుపోతోంది.

ఎవరూ వినలేదు. "పోనీ, పోనీ!" అని అరిచారు వామనమూర్తి గారు. సూరిబాబు ఏం జరిగిందో తెలియక బస్సు తోలేశాడు.

లోపల కాలు పెట్టడానికి చోటు లేదు. డాక్టరమ్మకి ఎవరో సీటిచ్చారు. నేను, వామనమూర్తి గారు పైన కడ్డీ పట్టుకుని వేలాడుతున్నాం. ఇంతలో వెనక నుంచి ఓ గొంతు ఖంగుమంది.

"జరగండి జరగండి, ముందుకి జరగండి! అమ్మా, ఆ గంప కాళ్ల దగ్గర పెట్టుకో. ఫుట్‌బోర్డు మీద ఎవరూ ఉండద్దు, లోపలికొచ్చెయ్యండి! టికెట్, టికెట్!"

వజ్రకుమారి. సూరిబాబు దగ్గర టిక్కెట్ మిషన్ ఎప్పుడు లాక్కుందో. బస్సు గోతిలో పడి లేస్తోంది, జనం ఒకళ్ల మీద ఒకళ్లు వాలుతున్నారు, ఆమె మాత్రం దేన్నీ పట్టుకోకుండా, మనుషుల మధ్యలోంచి నీళ్లలో చేపలా వెళ్తోంది. ముఖం వెలిగిపోతోంది. డాక్టరమ్మ ఆ కొస నుంచి ఈ కొస దాకా, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆమెనే చూసింది. చూసి, బ్యాగులోంచి సర్టిఫికెట్ తీసి రాయడం మొదలుపెట్టింది.

"ఏమిటి డాక్టర్ గారూ రాస్తున్నారు?" అన్నారు వామనమూర్తి గారు.

"వజ్రకుమారి నిలబడి నడిచిందని సార్."

"వీల్లేదు. ఇది బస్సు. ఆవరణ బయట చేసిన పరీక్ష చెల్లదు."

"నేనున్నాను, సంతకం ఉంది, ముద్ర ఇదిగో," అని కోటు జేబు తట్టి చూపించింది. "మూడూ కలిశాయి సార్. మీరు చెప్పిన ఆవరణ ఇదే."

ఆయన ఓ క్షణం తడబడ్డారు. కానీ పెద్ద అధికారులు ఊరికే కారు. "అయితే ఆవరణలో ఎవరూ నిలబడకూడదు. కాబట్టి ఆమె నిలబడలేదు. మీరు చూసింది మీరు చూడలేదు. ఇది నా తుది..."

తుది అంటూ ఆయన వేలు చూపించి హెచ్చరించబోయారు. అందుకు కడ్డీ మీది చెయ్యి తీయాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే రోడ్డుకి అడ్డంగా గేదెల మంద వచ్చింది, సూరిబాబు బ్రేకు మీద నిలబడ్డాడు.

ఆరడుగుల వామనమూర్తి గారు ముందుకి వెళ్లిపోయారు. కింద పచ్చి రొయ్యల గంప ఉంది. ఆయన ముక్కు ఆ గంపకి జానెడు ఎత్తున ఆగిపోయింది. వెనక నుంచి కోటు కాలర్ వజ్రకుమారి చేతిలో ఉంది. ఆమె రెండో చేతిలో టిక్కెట్ మిషన్. రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, దేన్నీ ఆనుకోకుండా, స్తంభంలా నిలబడి ఉంది. విరిగిన కాలి మీదే బరువంతా.

వామనమూర్తి గారు రొయ్యలతో అన్నారు, "నేను పడలేదు."

"పడలేదు సార్," అంది డాక్టరమ్మ, చాలా మర్యాదగా. "ఎందుకు పడలేదో రాయాలి కదా. ఆవిడ నిలబడి ఉంటే మీరు పడలేదు. ఆవిడ నిలబడలేదు అంటారా, మీరు పడ్డట్టే. నాకు రెండూ ఒకటే. ఏది రాయమంటారు?"

రొయ్య ఒకటి మీసాలు కదిపింది.

"బేగా చెప్పండి సార్," అంది వజ్రకుమారి. "కాలర్ కుట్లు ఊడిపోతన్నాయి."

"రాయండి," అన్నారాయన.

"ఏమని సార్?"

"నిలబడిందని!"

"నడిచిందని?"

"నడిచిందని! పరిగెత్తిందని! ఎగిరిందని రాయండి, నన్ను మాత్రం పైకి లాగండి!"

"ఒక్క నిమిషం సార్, రాసుకోడానికి బల్ల లేదు," అంది డాక్టరమ్మ. వంగి ఉన్న ఆయన వీపు బల్లలా చదునుగానే ఉంది. సీట్లోంచి లేచి, దాని మీద కాగితం పరిచి, తీరిగ్గా సంతకం పెట్టి, ముద్ర ఠప్పుమని కొట్టింది. నేను నోడల్ అధికారిగా సాక్షి సంతకం పెట్టాను. నా ఉద్యోగ జీవితంలో అంత చక్కటి సంతకం ఎప్పుడూ పడలేదు. అప్పుడు వజ్రకుమారి ఆయన్ని లాగి డాక్టరమ్మ ఖాళీ చేసిన సీట్లో కూర్చోబెట్టి, కాలర్ సర్ది, అడిగింది.

"ఎక్కడిదాకా సార్?"

బస్సు బస్సంతా ఘొల్లుమంది. మా డాక్టరమ్మ అంత పెద్దగా నవ్వగలదని నాకు అప్పుడే తెలిసింది.

ఫలకం వెనక్కి తీసుకోలేదు. రికార్డుల ప్రకారం చామలంకలో ఎవరూ పడలేదు కదా. పదిరోజులకి సవరణ వచ్చింది: "పట్టుకొనుటకు ఒకరు నిలబడి ఉన్నచోట మిగతావారు కూడా నిలబడవచ్చును." ఆ శాఖ నుంచి వచ్చిన కాగితాల్లో నాకు పూర్తిగా అర్థమైంది అదొక్కటే. కుర్చీలు తిరిగి వచ్చాయి. కన్నం మూయించాను. అయినా అలవాటు చొప్పున కొందరు ఇప్పటికీ బోర్లా పడుకుని గోడని మందులు అడుగుతారు.

ఒకరోజు మధ్యాహ్నం, బస్సు గేటు ముందు ఆపించి, వజ్రకుమారి స్టీలు డబ్బాతో లోపలికి వచ్చింది. మూత తీస్తే నేతి వాసన గుప్పుమంది.

"ఏంటమ్మా ఇవి?" అన్నాను.

"అరిసెలండీ. అడుగులేశాను కదా." నలభై ఏళ్లు దాటిన మనిషి, సిగ్గుపడుతూ నవ్వింది. "డాక్టరమ్మ గారికిచ్చాను. పోలమ్మక్కకిచ్చాను. ఆ పెద్దసారు మొన్న మా బస్సే ఎక్కారండి, ఆయనకీ ఇచ్చాను. రెండు తిన్నారు. నిలబడే తిన్నారు."

కూర్చున్నచోటే చెయ్యి చాస్తే బాగుండదనిపించింది. లేచి నిలబడ్డాను. పాత అలవాటు కొద్దీ చాలాసేపట్నుంచీ నేల మీదే మఠం వేసుకుని కూర్చున్నానేమో, రెండు కాళ్లూ తిమ్మిరెక్కి ఒక్కసారిగా తూలాను. ఆమె ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో నా మోచెయ్యి పట్టుకుంది.

"హోల్డాన్," అంది, బస్సు ఆపించినట్టే. నా కాళ్లలోకి నెత్తురు వచ్చేదాకా ఆగి, అరిసె చేతిలో పెట్టి, అప్పుడు వదిలింది.

"రైట్ రైట్, కాంపౌండరు గారూ."

మొదటిసారి, ఆ పిలుపుకి నాకు ఒళ్లు మండలేదు.